దాటరాని గీత, దాటే మనిషి

బాన్సువాడ నుంచి విశ్రాంత ఉపాధ్యాయు లొకరు మాకు ఒక లేఖ వ్రాశారు. తమ పేరు వెల్లడించవద్దని కోరారు. నిజాంసాగరు కాలువ కింద పండే వడ్లు కొని అమ్మే వ్యాపారి ఒకరు ఆయనకు చిన్ననాటి స్నేహితులట. మర్యాదస్థులు, భార్యాబిడ్డలు కలవారు, పదిమందికి తగవులు తీర్చిన పెద్దమనిషి. వ్యాపారం పనిమీద హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఇంట్లో ఎవరికీ తెలియని సంబంధాలు కొన్ని ఆయన నడిపారు. అవి ఎటువంటివో లేఖలో లేదు. మనకు అవసరమూ లేదు. సంఘం ఒప్పని సంబంధాలని మాత్రం వ్రాశారు. కొన్నేళ్ళకు ఆయన చిక్కిపోసాగారు. జ్వరం విడవలేదు. ఊళ్ళో పరీక్ష చేయించుకుంటే నలుగురికీ తెలిసిపోతుందని చేయించుకోలేదు. చివరకు మరొక ఊళ్ళో ఆసుపత్రిలో చేరేనాటికి ఎయిడ్స్ వ్యాధి ముదిరిపోయింది. ఆయన దక్కలేదు.

"ఆయన తెలివితక్కువవాడు కాడు. పరువే ప్రాణమనుకునే మనిషి. పట్టుబడితే పరువు పోతుందని తెలుసు, ప్రమాదమనీ తెలుసు. తెలిసి తెలిసి ఆ దారిన ఎందుకు పోయినాడు?" అని ఉపాధ్యాయులవారి ప్రశ్న. లేఖ చివర మరొక మాట ఉన్నది: "ఇప్పుడు వదినె కూడా పరీక్షకు పోనంటున్నది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని భయపడుతున్నది. ఆమెకు నేనేమి చెప్పాలె?"

ఇటువంటి విషయం పిన్నలూ పెద్దలూ కూడి వినే చోట మాట్లాడదగినదేనా అని కొందరు శ్రోతలు సంకోచించవచ్చు. ఆ సంకోచం సహజమే. కాని ఆ సంకోచం వల్లనే ఒక మనిషి పోయినాడు. మరొకరి ఆరోగ్యం ఇప్పుడు ఒక మంచిమాట కోసం ఎదురుచూస్తున్నది. కనుక మాటల మర్యాద తప్పకుండానే ఈ ప్రశ్నను విచారిద్దాము.

ముందు, దాటరానిదని మనం అనుకునే ఈ గీత ఎక్కడ ఉన్నదో చూడాలి. నిషిద్ధమైన దానిని ఇంగ్లీషువారు 'టాబూ' అంటారు. ఆ మాట వారి సొంతం కాదు. 1777లో కెప్టెన్ కుక్ అనే నావికుడు పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవులకు వెళ్ళినప్పుడు, అక్కడివారు తినరాని ఆహారాన్నీ, తాకరాని మనిషినీ, చేయరాని పనినీ ఒకే మాటతో చెప్పడం విని తన దినచర్యలో వ్రాసుకున్నాడు. ఆ మాటలో పవిత్రమనే అర్థమూ, నిషిద్ధమనే అర్థమూ రెండూ కలిసి ఉన్నవి. మన ఇళ్ళలో మడి కట్టుకున్నవారిని ముట్టుకోరాదు, మైలపడినవారినీ ముట్టుకోరాదు. రెంటికీ నిషేధం ఒకటే. కనుక ఈ భావం మనకు కొత్త కాదు.

అయితే ఈ గీత అన్ని చోట్లా ఒకే తీరుగా లేదు. మన తెలుగు కుటుంబాలలో మేనమామ మేనకోడలిని, బావ మేనమరదలిని పెండ్లాడడం తరతరాల ఆచారం. మేనరికం కాదని బయటి సంబంధం తెస్తే అలిగిన మేనమామలు మనకు తెలుసు. ఉత్తరాదిన అనేక కులాలలో ఇదే సంబంధం వినడానికే ఏవగింపు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇంత దగ్గరి సంబంధాలను నిషేధిస్తూనే, ఆచారమున్న వారికి చెల్లునని మినహాయించింది. ఇటువంటి రక్తసంబంధ వివాహాలలో పుట్టే పిల్లలకు కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చే అవకాశం ఎక్కువని వైద్యులు చెప్పుతూనే ఉన్నారు. అయినా అందులో మనకు నింద కనబడదు. అంటే, సంఘం నిందించే ప్రతిదీ ప్రమాదం కాదు; ప్రమాదమైన ప్రతిదానినీ సంఘం నిందించదు. నిందా ప్రమాదమూ రెండు వేరు వేరు సంగతులు. ఈ భేదం చివరిదాకా మనం మరువరాదు.

ఈ గీత కాలాన్ని బట్టి కూడా జరుగుతుంది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆనాడు భర్త పోయిన బాలిక తిరిగి దాంపత్యసుఖం కోరడం మహాపాపం. ఆ పెండ్లికి పోయినవారిని కులంలోనుంచి వెలివేశారు. నేడు అదే పెండ్లిని పుణ్యకార్యమంటాము. ఆ నిషేధాన్ని ధైర్యంగా ఎదిరించిన ఆ పంతులుగారే, తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని రచించిన 'రాధికా సాంత్వనము' ఒక స్త్రీ నోట రాదగిన కావ్యం కాదని తీవ్రంగా ఆక్షేపించారు. స్త్రీ తన కోర్కెను తానే చెప్పుకోవడం ఆయనకు దాటరాని గీతగా తోచింది. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ కావ్యాన్ని 1910లో పరిష్కరించి ప్రకటిస్తే, మరుసటి ఏడు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. ఒక గీతను చెరిపిన చేయే మరొక గీతకు కాపలా కాయవచ్చునన్నమాట. ఇందులో ఆ మహనీయుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మనమందరమూ అటువంటివారమే.

ఇక చట్టం సంగతి. 1862లో అమలులోనికి వచ్చిన భారత శిక్షాస్మృతిలో 377వ విభాగం 'ప్రకృతి విరుద్ధమైన' కలయికను నేరమన్నది. పురుషుడు పురుషుణ్ణి, స్త్రీ స్త్రీని కోరడం దాని నీడలోనికి వచ్చింది. మన నిజాం రాజ్యంలో మరొక శాసనం ఉండేది. 1329 ఫసలీలో, అంటే 1919లో, చేసిన ఆ శాసనం హిజ్రాల పేర్లు పట్టికలో ఎక్కించమన్నది. వారు ఆడవేషంతో వీధిలో కనబడినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంటు లేకుండానే పట్టుకోవచ్చునన్నది. నిజాం పోయినా, హైదరాబాదు రాష్ట్రం పోయినా ఆ శాసనం పుస్తకాలలో అట్లాగే మిగిలింది.

చివరకు, వయసు వచ్చిన ఇద్దరు ఇష్టపడి ఏకాంతంలో కలియడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. అదే నెల 27న, పరపురుషుడు మరొకరి భార్యతో సంబంధం పెట్టుకోవడాన్ని నేరంగా చూసే 497వ విభాగాన్ని కూడా కొట్టివేసింది. విడాకులకు అది కారణం కావచ్చును గాని జైలుకు పంపదగిన నేరం కాదన్నది. 1919 నాటి నిజాం శాసనాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో రద్దు చేసింది. ఈ చరిత్ర ఎందుకు చెప్పుతున్నానంటే, 377వ విభాగం 156 సంవత్సరాలు నిలిచింది. ఆ కాలమంతటిలో ఆ కోర్కె గలవారు దేశంలో పుట్టకుండా పోలేదు. జైలు భయం ఆ కోర్కెను చంపలేదు, దాచివుంచింది, అంతే.

మరి ఆ కోర్కె ఇంత మొండిది ఎందుకైంది? శాస్త్రజ్ఞులు చెప్పిన కారణాలలో నాకు నమ్మకం కలిగినవి కొన్ని మీ ముందుంచుతాను.

మొదటిది, కోర్కెలు చాలామట్టుకు మనం ఏరుకున్నవి కావు. ఎవరిని చూస్తే మనసు కదులుతుందో ఏ మనిషీ కూర్చుని నిర్ణయించుకోడు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ కిన్సే అనే ప్రాణిశాస్త్రజ్ఞుడు వేలకొలది మందిని రహస్యంగా ప్రశ్నించి, పురుషులను గురించి 1948లోనూ, స్త్రీలను గురించి 1953లోనూ రెండు గ్రంథాలు ప్రకటించాడు. ఆయన సంఖ్యలను తరువాతివారు సరిదిద్దారు. కాని ఒక్క సంగతిని ఎవరూ కాదనలేకపోయినారు: లోకం తన గురించి చెప్పుకునేదానికీ, తలుపు వేసుకున్న తరువాత చేసేదానికీ చాలా దూరం ఉన్నది. అందరూ విడ్డూరమని చెప్పుకునేది అంత అరుదు కాదు. వైద్యశాస్త్రం కూడా తన అభిప్రాయం మార్చుకున్నది. స్వలింగ ప్రేమను వ్యాధుల జాబితానుంచి అమెరికా మనోవైద్యుల సంఘం 1973లోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనూ తొలగించినవి. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక, ఇష్టపడిన పెద్దల మధ్య ఉండే అనేక వింత అభిరుచులను వ్యాధులుగా లెక్కించడం మానింది. కోర్కె వింతగా ఉండడం ఒకటి, దానివల్ల తనకో మరొకరికో హాని కలగడం వేరొకటి అని మనోవైద్యులు ఇప్పుడు విడదీసి చూస్తున్నారు.

రెండవది, నిషేధమే కొంత ఆకర్షణను పుట్టిస్తుంది. జాక్ బ్రెమ్ అనే మనస్తత్వవేత్త 1966లో ఈ సంగతిని సిద్ధాంతంగా వ్రాశాడు. తన స్వేచ్ఛను ఎవరో లాక్కుంటున్నారని తోచినప్పుడు మనిషికి ఆ స్వేచ్ఛమీద మమకారం పెరుగుతుంది. చేయవద్దన్న పనికి అంతకు ముందు లేని విలువ వస్తుంది. పెరట్లో జామపండ్లు మాగి రాలిపోతున్నా, పొరుగింటి గోడ దూకి కోసిన పచ్చికాయకే రుచి అని పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. అయితే ఈ కారణాన్ని ఎక్కువగా చూపరాదు. నిషేధమొక్కటే కోర్కెను పుట్టించదు. ఉన్న కోర్కెకు పదును పెడుతుంది. కుతూహలం కూడా దీనితో చేరుతుంది. కొత్తదనం వల్ల కలిగే ఉత్సాహం ఎక్కువ. అలవాటయిన సుఖం వల్ల కలిగేది తక్కువ. ఇది మనసు యొక్క స్వభావం.

మూడవది, సుఖం దగ్గర, ప్రమాదం దూరం. రేపు వచ్చే పదిరూపాయల కంటె చేతిలో ఉన్న ఒక్క రూపాయి పెద్దదిగా కనబడుతుంది. నూటికి ఎంత వడ్డీ పడుతుందో తెలిసికూడా నాట్లనాడు అప్పు చేసే రైతుకు ఈ లెక్క తెలియకపోలేదు. ఆనాటి అవసరం కండ్ల ముందున్నది. కోతలనాటి బాకీ ఎక్కడో ఉన్నది. హెచ్‌ఐవి ఈ బలహీనతను పూర్తిగా వాడుకుంటుంది. ఆ క్రిమి ప్రవేశించిన తరువాత ఎనిమిది పదేండ్లదాకా మనిషి పైకి ఆరోగ్యంగానే కనబడవచ్చును. నిప్పు ముట్టుకుంటే వెంటనే కాలుతుంది గనుక పసిపిల్లవాడు కూడా రెండోసారి ముట్టడు. పదేండ్ల తరువాత కాలే నిప్పుకు ఎవరు భయపడతారు?

నాలుగవది, కోర్కె లేచిన వేళ మనిషి చల్లని వేళ మనిషి కాడు. డాన్ ఏరియెలీ, జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకులు 2006లో అమెరికాలో యువకులైన విద్యార్థులను మామూలు స్థితిలో ఒకసారి, కామోద్రేకంలో ఉన్నప్పుడు ఒకసారి ఒకే ప్రశ్నలు అడిగారు. మొదటిసారి 'అటువంటి పని చేయను, జాగ్రత్త లేకుండా అసలే చేయను' అన్నవారిలో చాలామంది రెండోసారి తడబడ్డారు. తమ నిగ్రహాన్ని చల్లని వేళ అందరూ ఎక్కువగా అంచనా వేసుకున్నారు. 'నాకు అటువంటిది జరగదు' అని గట్టిగా నమ్మేవారు జాగ్రత్త కూడా వెంట తీసుకొనిపోరు. తమమీద తమకు అనుమానమున్నవారే జేబులో నిరోధ్ పెట్టుకొని పోతారు. పరువుగల మనిషి ప్రమాదంలో పడడానికి ఇదొక కారణం. జాగ్రత్త పడితే తాను ఆ పని చేయబోతున్నానని తనకు తానే ఒప్పుకున్నట్లవుతుంది.

ఐదవది ఒంటరితనం. ఇది పుస్తకాలలో తక్కువగానూ మా ఉత్తరాలలో ఎక్కువగానూ కనబడుతుంది. కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతాల నుంచి ఎందరో గల్ఫు దేశాలకు పోయినారు. ఏండ్ల తరబడి గదికి పదిమంది చొప్పున ఉండి, భార్యను ఫోనులో చూసుకుంటూ బ్రతికినారు. ఇక్కడ భార్య, అక్కడ భర్త. ఒకే ఇంట్లో ఉంటూ గల్ఫులో ఉన్నంత దూరంగా ఉన్న దంపతులు కూడా లేకపోలేదు. తన మనసును ఇంట్లో ఎవరికీ చెప్పలేని మనిషికి, ఆ రహస్యం తెలిసిన ఒక్కరు దొరికితే, అక్కడ దేహసుఖం కంటె ముందు ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. నిందకు వెరవక పోతున్నాడని మనమనుకుంటాము. నింద లేని ఒక్క గదికోసం పోతున్నాడని అతడనుకుంటాడు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇష్టపడి పోయినవారి సంగతులు. ఇష్టం లేనివారి కథ వేరు. ఆ రెంటినీ కలపడం పెద్ద పొరపాటు. ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. పాత నిజామాబాదు జిల్లాలో జోగినీ వ్యవస్థ ఉండేది. ఎల్లమ్మ పేరనో పోచమ్మ పేరనో దళిత కుటుంబాల ఆడపిల్లలను చిన్నతనంలోనే గ్రామదేవతకు అంకితమిచ్చి, ఈడు వచ్చిన తరువాత ఊరి పెద్దల పాలు చేసేవారు. పగటిపూట ఆ పిల్ల నీడ సోకితే మైలపడతామన్నవారికి రాత్రిపూట ఆ మైల కనబడలేదు. ఇక్కడ పురుషుడు దాటిన గీతకు నింద అతనికి రాలేదు. దాటించబడిన ఆడపిల్లకు వచ్చింది. గోరాగారి కుమారుడు లవణం, ఆయన సతీమణి హేమలత బాన్సువాడకు దగ్గరలోనే ఉన్న వర్నిలో 'చెల్లి నిలయం' ఏర్పరచి ఈ అక్కచెల్లెండ్రకు కొత్త జీవనం చూపడానికి పాటుపడ్డారు. 1988లో రాష్ట్ర ప్రభుత్వం దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది.

కాబట్టి ఏది తప్పు, ఏది కాదు అని తూచడానికి 'సంఘం ఒప్పుతుందా' అనే తూకపురాయి చాలదు. జోగినీ ఆచారాన్ని ఊరంతా ఒప్పుకున్నది. వితంతు వివాహాన్ని ఊరంతా కాదన్నది. అడగవలసిన ప్రశ్నలు వేరు. అందులో ఉన్న ప్రతి ఒక్కరూ వయసు వచ్చినవారేనా? 18 ఏండ్లు నిండని పిల్లలతో ఏ సంబంధమైనా 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఘోరమైన నేరం. అందులో అన్వేషణ అనే మాటకే చోటు లేదు. ప్రతి ఒక్కరూ ఇష్టపడే వచ్చారా, లేక ఆకలీ అధికారమూ భయమూ తెచ్చినవా? ఎవరినైనా మోసం చేస్తున్నామా? తెలియకుండా ఎవరినైనా అపాయంలోకి నెడుతున్నామా?

మన వ్యాపారి మిత్రుణ్ణి ఈ తూకంలో పెడితే ఏమి తేలుతుంది? ఆయన కోర్కె నేరం కాదు. ఆయన వింతమనిషీ కాడు. కాని ఇంట ఉన్న ఇల్లాలికి చెప్పకుండా ఆమె దేహాన్ని కూడా పందెంలో పెట్టడం మాత్రం ఆయన చేసిన తప్పు. ఎందుకు చేసినాడో తెలుసుకోవడం వేరు, చేసినది ఒప్పనడం వేరు. మనం మొదటిదే చేస్తున్నాము.

ఇప్పుడు ఉపాధ్యాయులవారు అడగని మరొక ప్రశ్న అడుగుతాను. ఆయన ఆ దారిన ఎందుకు పోయినాడన్నది ఒక ప్రశ్న. జ్వరం పట్టిన తరువాత వైద్యుని దగ్గరకు ఎందుకు పోలేదన్నది రెండోది. మొదటిదానికి కారణాలు మనిషి లోపల ఉన్నవి. రెండోదానికి కారణం మనమే.

ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సంఘశాస్త్రవేత్త 1963లో నిందను గురించి ఒక గ్రంథం వ్రాశాడు. నింద పైకి కనబడేవారు కొందరు. కనబడకుండా దాచుకున్నవారు కొందరు అని ఆయన విభజించాడు. రెండోవారి బ్రతుకంతా ఒక్క పనికే సరిపోతుంది: ఎవరికి ఏమి తెలుసు, ఎవరికి తెలియరాదు అని లెక్క చూసుకోవడం. అటువంటి మనిషికి వ్యాధి కంటె చీటీ భయంకరం. పరీక్షకు పంపిన చీటీ ఎవరి చేతులు మారుతుందో, వరుసలో పక్కన ఎవరు కూర్చుంటారో, రక్తం తీసే అమ్మాయి ఏ వీధిలో ఉంటుందో అని అతడు ఆలోచిస్తాడు. సంఘం వేసే నింద అతణ్ణి హైదరాబాదు పోకుండా ఆపలేదు. ఆసుపత్రికి పోకుండా మాత్రం ఆపింది. ఉన్న ఊరిలోనే బయటపడుతుందన్న భయం అంతటిది. నింద మంచిని కాపాడుతుందని మనం నమ్ముతాము. ఇక్కడ అది కాపాడినది వ్యాధిని.

ఇది అనుభవం మీద తేలిన మాట. మనదేశంలో హెచ్‌ఐవి మొదట కనుగొన్నది 1986లో మద్రాసులో. ఆనాడు వ్యాధిగ్రస్తులను వెలివేసి దేశాన్ని కాపాడుకుందామనుకున్నవారు ఎందరో ఉన్నారు. దానివల్ల ఫలితం కలుగలేదు. కలకత్తాలోని సోనాగచ్చిలో 1992 నుంచి డాక్టరు స్మరజిత్ జానా మరొక దారి పట్టారు. అక్కడి స్త్రీలను నిందించడం మాని, వారిచేతనే వారి తోటివారికి చెప్పించి, నిరోధ్ వాడకాన్ని వారి హక్కుగా నిలబెట్టారు. ఆ పద్ధతి ఫలించి దేశంలో ఇతర చోట్లకు కూడా మార్గం చూపింది. చీకటిలో ఉన్నవారి దగ్గరకు దీపం తీసుకొని పోవాలి గాని, రమ్మని దూరంనుంచి కేకలు వేస్తే వారు రారు.

మన శ్రోతలకు పనికివచ్చే కొన్ని సంగతులు ఇక్కడ స్పష్టంగా చెప్పుతాను. ప్రభుత్వ ఆసుపత్రులలోని సలహా, పరీక్షా కేంద్రాలలో హెచ్‌ఐవి పరీక్ష ఉచితం. ఉన్న ఊళ్ళోనే చేయించుకోవాలన్న నియమం లేదు. మరొక ఊళ్ళో ఏ కేంద్రంలోనైనా చేయించుకోవచ్చును. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవి చట్టం ప్రకారం, మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు. ఫలితాన్ని ఇతరులకు వెల్లడించరాదు. ఉద్యోగంలోగాని, బడిలోగాని, వైద్యంలోగాని వివక్ష చూపరాదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. మందులు విడవకుండా వాడేవారు మధుమేహం ఉన్నవారివలెనే పనిపాటలు చేసుకుంటూ నిండు జీవితం గడపవచ్చును. రక్తంలో క్రిమి పరీక్షకు అందనంత తగ్గిన స్థితి నిలిచివున్న మనిషి నుంచి దాంపత్యం ద్వారా మరొకరికి అది సోకదని ఇప్పుడు రుజువైనది. ప్రమాదకరమైన కలయిక జరిగిన 72 గంటలలోపల వైద్యుని సలహాతో మందులు మొదలుపెడితే సోకకుండా ఆపే అవకాశమున్నది. ఎంత తొందరగా పోతే అంత మంచిది. ప్రమాదం ఈమధ్యనే జరిగివుంటే మొదటి పరీక్షలో తేలకపోవచ్చును గనుక, వైద్యుడు చెప్పిన గడువుకు మళ్ళీ చేయించుకోవాలి. పేరు చెప్పకుండా అడగదలచినవారు 1097 అనే ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చును.

ఇంకొక అపాయం ఈ కాలంలో కొత్తగా వచ్చింది. రహస్యంగా తీసిన చిత్రాలను చూపి డబ్బు గుంజేవారు పెరిగినారు. నిందకు భయపడేవాడే వారికి పాడిఆవు. ఒకసారి ఇచ్చినవాణ్ణి వారు విడువరు. సమ్మతి లేకుండా ఒకరి ఏకాంత దృశ్యాలను తీయడం, పంచడం చట్టరీత్యా నేరం. డబ్బు ఇవ్వకుండా, వచ్చిన సందేశాలను చెరపకుండా, పోలీసులకు చెప్పడమే ఉపాయం. డబ్బు ఇప్పటికే పోయివుంటే 1930 నంబరుకు వెంటనే చెప్పాలి. ఇక్కడ కూడా అపరాధికి బలాన్ని ఇస్తున్నది మన వెక్కిరింతే. 'వీడు అక్కడికెందుకు పోయినట్లు' అని మనం నవ్వినంతకాలం ఆ వ్యాపారం సాగుతూనే ఉంటుంది.

నింద అసలే వద్దని నేను చెప్పడంలేదు. బలవంతం చేసినవాణ్ణి, పిల్లలమీద చేయి వేసినవాణ్ణి, తెలిసి వ్యాధిని అంటించినవాణ్ణి సంఘం నిందించవలసినదే, చట్టం శిక్షించవలసినదే. ఆ నింద పదును తగ్గకుండా ఉండాలంటే దానిని అడ్డమైన చోటా వాడరాదు. ఏ హానీ చేయని వింతకోర్కెకూ, పసిపిల్లమీద అత్యాచారానికీ ఒకే మాట వాడితే, ఆ మాటకు ఎవరూ భయపడని రోజు వస్తుంది. లేదా భయపడవలసినవాడు తప్ప అందరూ భయపడే రోజు వస్తుంది.

ఇక ఉపాధ్యాయులవారికి మా జవాబు. అయ్యా, మీ మిత్రుడు ఎందుకు పోయినాడని మీరు అడిగారు. మనసు ఏరుకోని కోర్కె, నిషేధం పెట్టిన పదును, దూరంగా కనబడిన ప్రమాదం, ఉద్రేకంలో మరచిన జాగ్రత్త, ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం, ఇవన్నీ కలిసి తీసుకొనిపోయి ఉంటవి. ఇందులో ఏది ఎంతపాలో ఆయనే చెప్పగలిగేవారు. మీకు చెప్పలేదని మీకు కష్టం కలిగింది. మీ దగ్గర తక్కువ కావడం ఇష్టం లేక చెప్పలేదేమో. మిమ్ములను నమ్మక కాదు. మీ గౌరవాన్ని పోగొట్టుకోలేక.

వదినెగారికి మాత్రం ఇది చెప్పండి. ఆమె ఏ తప్పూ చేయలేదు. చేసివున్నా సరే, పరీక్ష నేరానికి విచారణ కాదు. ఆమెకు సోకకుండానే ఉండవచ్చును. ఆ సంగతి తెలియక ఆమె రోజూ అనుభవిస్తున్న భయం పరీక్షతో తీరిపోతుంది. సోకివున్నట్లయితే, ఆమె భర్తకు దక్కని కాలం ఆమెకు దక్కుతుంది. బాన్సువాడలో పోవడానికి బిడియమైతే బస్సెక్కించి నిజామాబాదుకో హైదరాబాదుకో తీసుకొనిపోండి. ఒంటరిగా పంపకండి. వరుసలో ఆమె పక్కన మీ ఇంటి ఇల్లాలిని కూర్చోబెట్టండి. ఎవరైనా చూసి 'ఎందుకొచ్చినారు' అని అడిగితే, 'రక్తపరీక్షకు వచ్చినాము, ఇద్దరమూ చేయించుకుంటున్నాము' అని ఆమె చెప్పవచ్చును. అది అబద్ధం కాకుండా ఉండడానికి మీ ఇంటివారు కూడా ఆనాడు చేయించుకుంటే మరీ మంచిది.